మెర్సీ గేట్‌వే వంతెన - పర్యావరణ ప్రభావ అంచనా

మెర్సీ గేట్‌వే వంతెన ఇంగ్లాండు వాయవ్య భాగంలో రన్‌కార్న్, విడ్నెస్ పట్టణాల మధ్య మెర్సీ నదిపై నిర్మింపబడిన ఆరు వరుసల రహదారి వంతెన. నిర్మాణం 2014 మే నెలలో మొదలైనది. వంతెనపై రాకపోకలు 2017 అక్టోబరు 14న ప్రారంభమైనవి. వంతెన ఉన్న చోటు సముద్రతీరానికి దూరంగా ఉన్నప్పటికీ, సముద్రపు ఆటుపోట్లు ప్రతి దినము రెండేసి మార్లు అక్కడికి వచ్చిపోతుంటాయి. ఇటువంటి జలాలపై వంతెనను రూపకల్పన చేయునపుడు పర్యావరణ ప్రభావాలను ఏవిధంగా తూచి చూడవలెనో తెలుసుకొనడానికి ఈ వంతెన మంచి ఉదాహరణ. స్తంభాలు ఎన్ని, ఎక్కడ, వాటిని ఏ పద్ధతిలో కట్టాలి అనే ప్రశ్నలకు ఇక్కడ సమాధానం వెదికినది వంతెన బలం కొరకు మాత్రమే కాదు, నది స్వేచ్ఛ కొరకు కూడా.

ఆటుపోటు జలాల ప్రత్యేకత

మామూలు నదిలో నీరు ఎల్లప్పుడూ ఒకే దిశలో ప్రవహిస్తుంది. స్తంభానికి ఎగువ ఏమి జరుగుతుందో, దిగువ ఏమి జరుగుతుందో ముందుగానే చెప్పవచ్చు. సముద్రపు పోటు లోపలికి వచ్చే నదీముఖంలో పరిస్థితి అట్లు కాదు. పోటు సమయంలో నీరు సముద్రము నుండి లోపలికి, ఆటు సమయంలో లోపలి నుండి సముద్రానికి పోతుంది. అనగా ప్రతి స్తంభానికి ప్రతి దినము నాలుగు మార్లు ఎగువ దిగువలు తారుమారు అవుతాయి. స్తంభం చుట్టూ నీటి సుడులు ఏర్పడి అడుగున ఉన్న ఇసుకను తవ్వివేస్తాయి. దీనిని నీటి కోత అంటారు. ఏకదిశా ప్రవాహంలో కోత ప్రధానంగా స్తంభానికి ముందువైపున ఏర్పడగా, ఆటుపోటు జలాలలో ఇది ఇరువైపులా ఏర్పడుతుంది.

రెండవ విశేషము ఒండ్రు కదలిక. నదీముఖాల పై భాగాలలో పోటు తక్కువ సమయంలో వేగంగా వచ్చి, ఆటు ఎక్కువ సమయం తీసుకొని నెమ్మదిగా పోతుంది. వేగంగా వచ్చిన నీరు తెచ్చినంత ఇసుకను, ఒండ్రును నెమ్మదిగా పోయే నీరు తిరిగి తీసుకొని పోలేదు. మిగిలినది మేట వేస్తుంది. ఇసుక మేటలు, బురద నేలలు, ఉప్పు పర్రలు ఇట్లు ఏర్పడినవే. వీటి ఉనికి నీటి రాకపోకల సమతూకంపై ఆధారపడి ఉంటుంది. ఆ సమతూకానికి ఒకచోట కలిగిన మార్పు కొన్ని కిలోమీటర్ల దూరంలో, కొన్ని సంవత్సరాల తరువాత బయటపడవచ్చు.

మూడవది జీవజాలము. ఆటు సమయంలో బయటపడే బురదలో పురుగులు, నత్తలు, చిన్న గుల్లలు విస్తారంగా ఉంటాయి. వీటిని తినడానికి వేల సంఖ్యలో వలస పక్షులు వస్తాయి. పైకి ఖాళీ బురదగా కనిపించే ఈ నేల నిజానికి వాటికి అన్నపు పళ్ళెము.

మెర్సీ నది పూర్వచరిత్ర

మెర్సీ నది లివర్‌పూల్ వద్ద ఐరిష్ సముద్రంలో కలుస్తుంది. బ్రిటన్‌లో ఆటుపోట్ల తేడా చాలా అధికంగా ఉండే ప్రదేశాలలో ఇది ఒకటి. పెద్ద పోటు దినాలలో లివర్‌పూల్ వద్ద ఆటుకు, పోటుకు మధ్య నీటిమట్టంలో తేడా 9 మీటర్లను మించుతుంది. పోటు నీరు రన్‌కార్న్ దాటి వారింగ్టన్ పట్టణం వరకు చేరుతుంది.

ఈ నదీముఖంలో ఏదైనా కట్టడం కడితే ఏమవుతుందనే వాదన కొత్తది కాదు. మాంచెస్టర్ నగరానికి ఓడలు నేరుగా చేరుటకు కాలువ తవ్వవలెనని 1880 దశకంలో ప్రతిపాదన వచ్చినపుడు, నదీముఖం మధ్యలో రాతి గోడలు కట్టి వాటి నడుమ ఓడల మార్గం ఏర్పరచవలెనని మొదట తలచారు. గోడల వలన నదీముఖంలో ఒండ్రు నిండి, లివర్‌పూల్ ఓడరేవు ముఖద్వారం పూడిపోతుందని ఓడరేవు పక్షంవారు వాదించారు. వారి తరఫున సాక్ష్యం చెప్పినవారిలో అమెరికాకు చెందిన ప్రసిద్ధ ఇంజనీరు జేమ్స్ ఈడ్స్ ఒకడు. 1883, 1884 సంవత్సరాలలో ఆ బిల్లులు బ్రిటిష్ పార్లమెంటులో వీగిపోయినవి. కాలువ మార్గాన్ని నది మధ్య నుండి దక్షిణపు ఒడ్డుకు మార్చిన తరువాత మాత్రమే 1885లో ఆమోదం లభించినది. కాలువ 1894లో ప్రారంభమైనది.

ఆ భయానికి ఆధారం ఉన్నదని తరువాతి కాలంలో తెలిసినది. 20వ శతాబ్దపు మొదటి భాగంలో లివర్‌పూల్ అఖాతంలో ఓడల మార్గాన్ని నిలకడగా ఉంచుటకు గోడలు కట్టారు. ఆ గోడలు నదీముఖానికి వెలుపల ఉన్నప్పటికీ, వాటి వలన సముద్రపు ఇసుక లోపలికి చేరి నదీముఖపు నీటి పరిమాణం తగ్గినది. ఒకచోట కట్టిన గోడ ఫలితం మరొకచోట కనిపించినది.

మెర్సీ మరొక కారణం వలన కూడా ప్రసిద్ధి పొందినది. విడ్నెస్, రన్‌కార్న్ పట్టణాలు బ్రిటన్‌లో రసాయన పరిశ్రమకు పుట్టినిళ్ళు. 19వ శతాబ్దం మధ్యకాలం నుండి సబ్బు, గాజు తయారీకి కావలసిన క్షారాన్ని ఇక్కడ లెబ్లాంక్ పద్ధతిలో తయారు చేసేవారు. కర్మాగారాల వ్యర్థాలు, నగరాల మురుగు కలిసి మెర్సీని ఐరోపాలోని మిక్కిలి కలుషిత నదులలో ఒకటిగా మార్చినవి. 1985లో ప్రారంభమైన మెర్సీ బేసిన్ ఉద్యమం పాతిక సంవత్సరాలపాటు సాగి నదిని చాలావరకు శుభ్రపరచినది. సాల్మన్ చేపలు తిరిగి వచ్చాయి. ఈ కృషికి 1999లో మొట్టమొదటి అంతర్జాతీయ నదీ బహుమతి లభించినది. కొత్త వంతెన ప్రతిపాదన వచ్చినది ఇటువంటి నదిపై. ఒక తరం వారు కష్టపడి తిరిగి ప్రాణం పోసిన నదిని మరల పాడుచేయరాదన్నది ఈ మదింపులో అందరి మనస్సులలో ఉన్న విషయం.

కొత్త వంతెన అవసరం

రన్‌కార్న్ వద్ద నది ఒక్కసారిగా ఇరుకవుతుంది. అందువలన పూర్వపు వంతెనలన్నీ అక్కడే కట్టారు. 1868లో రైలు వంతెన, 1905లో వాహనాలను వేలాడే తొట్టిలో దాటించే వంతెన, దాని స్థానంలో 1961లో కమాను వంతెన వచ్చాయి. ఈ కమాను వంతెనకు 1977లో సిల్వర్ జూబిలీ వంతెన అని పేరు పెట్టారు. కాలక్రమాన దీనిపై రోజుకు సుమారు 80 వేల వాహనాలు తిరగసాగినవి. నిత్యమూ వాహనాలు బారులు తీరి నిలిచేవి. ఆగి ఉన్న వాహనాల పొగ రెండు పట్టణాలవారికి బాధాకరంగా ఉండేది. కనుక కొత్త వంతెన కట్టకపోవడం వలన కూడా పర్యావరణానికి కొంత నష్టం ఉన్నది. మదింపు చేయునపుడు కట్టుట వలన నష్టమును, కట్టకుండుట వలన నష్టముతో పోల్చి చూడవలసి ఉంటుంది.

దాటే మార్గం కొరకు పలు ప్రత్యామ్నాయాలను పరిశీలించారు. వాటిలో వివిధ వంతెన మార్గాలతోబాటు సొరంగం కూడా ఉన్నది. సొరంగం నీటి ప్రవాహానికి అడ్డు రాదు గాని, తవ్విన మట్టిని ఎక్కడ వేయాలనే సమస్య ఉంటుంది. శతాబ్దంన్నర రసాయన వ్యర్థాలు పేరుకొన్న నేలలో అది చిన్న సమస్య కాదు. చివరకు పాత వంతెనకు తూర్పున, అనగా ఎగువన, సుమారు ఒకటిన్నర కిలోమీటర్ల దూరంలో వంతెన కట్టుటకు నిర్ణయించారు.

స్తంభాల సంఖ్య, స్థానం

ఎంచుకున్న చోట నదీముఖం వెడల్పుగా ఉండి, ఆటు సమయంలో చాలాభాగం ఇసుక మేటలుగా బయటపడుతుంది. మిగిలిన నీరు ఒకటి రెండు పాయలుగా పారుతుంది. ఈ పాయలు ఒకచోట స్థిరంగా ఉండవు. ఈ సంవత్సరం ఉత్తరపు ఒడ్డున పారిన పాయ కొన్ని సంవత్సరాలకు దక్షిణపు ఒడ్డుకు జరగవచ్చు. పాయలు ఇట్లు అటూ ఇటూ తిరుగుట వలననే పాత మేటలు కరిగి, కొత్త మేటలు ఏర్పడి, పర్రలు పెరుగుతూ తరుగుతూ ఉంటాయి.

ఇక్కడ వంతెన వలన రాగల ప్రధానమైన ప్రమాదం స్తంభాలు ఆక్రమించే స్థలం కాదు. ఎక్కువ స్తంభాలను దగ్గర దగ్గరగా నిలిపితే అవి దువ్వెన పళ్ళ వలె పనిచేసి, పాయను ఒకచోట కట్టిపడవేయగలవు. పాయ తిరుగుట మానివేస్తే ఒకవైపు పర్ర పూర్తిగా కోసుకొని పోవచ్చు, మరొకవైపు నేల మెరక కావచ్చు. కొద్ది కిలోమీటర్ల దిగువన ఉన్న మధ్య నదీముఖం 1995లో రామ్‌సార్ చిత్తడినేలగా, పక్షుల ప్రత్యేక రక్షిత ప్రాంతంగా గుర్తింపబడినది. ఎగువన వచ్చిన మార్పు అక్కడికి కూడా చేరే అవకాశం ఉన్నది.

అందువలన పాయల పూర్వపు కదలికలను అధ్యయనం చేసి, నీటి ప్రవాహాన్ని, ఒండ్రు కదలికను గణిత నమూనాల ద్వారా పరీక్షించి, స్తంభాల స్థానాలను నిర్ణయించారు. నది మీది భాగానికి తీగలతో వ్రేలాడే కేబుల్ స్టేయిడ్ పద్ధతిని ఎన్నుకొన్నారు. ఈ పద్ధతిలో రోడ్డు బరువును ఎత్తైన టవర్ల నుండి వచ్చే ఉక్కు తీగలు మోస్తాయి కనుక నీటిలో స్తంభాలు తక్కువ చాలును. దాదాపు ఒక కిలోమీటరు పొడవునకు నదిలో మూడు టవర్లు మాత్రమే ఉన్నాయి.

నది మీది భాగపు కొలతలు:
* మొత్తం పొడవు: 998 మీటర్లు
* నాలుగు దూరాలు: 205, 318, 294, 181 మీటర్లు
* ఉత్తరపు టవరు ఎత్తు: 110 మీటర్లు
* మధ్య టవరు ఎత్తు: 80 మీటర్లు
* దక్షిణపు టవరు ఎత్తు: 125 మీటర్లు

అయితే స్తంభాలు తగ్గించుట ఉచితంగా లభించేది కాదు. స్తంభాల మధ్య దూరం పెరిగినకొలది టవర్లు ఎత్తుగా కట్టవలెను, పునాదులు పెద్దవి కావలెను, ఖర్చు పెరుగుతుంది. ఎత్తైన టవర్లు దూరం నుండి కనిపించి ప్రకృతి దృశ్యాన్ని మార్చివేస్తాయి. ఎగిరే పక్షులకు తీగలు అడ్డమగునా అన్నది కూడా చూడవలసి ఉంటుంది. నీటికి చేసే మేలు కొరకు ఆకాశంలో కొంత చోటు తీసుకొనవలసి వచ్చినదన్న మాట.

కలుషిత నేల

లెబ్లాంక్ పద్ధతిలో మిగిలిన వ్యర్థాన్ని స్థానికులు గలిగూ అంటారు. విడ్నెస్ పరిసరాలలో పెద్ద విస్తీర్ణంలో నేల కింద ఇది ఉన్నది. దీనిలో గంధకపు సమ్మేళనాలతోబాటు ఆర్సెనిక్ వంటి విషపదార్థాలు ఉంటాయి. నదీముఖపు ఒండ్రులో కూడా పూర్వపు కర్మాగారాల నుండి వచ్చిన పాదరసం, ఇతర భారలోహాలు పాత పొరలలో పూడుకొని ఉన్నాయి.

కదిలించనంతవరకు ఇవి చాలావరకు ఉన్నచోటనే ఉంటాయి. పునాదుల కొరకు పైల్స్ దింపినా, గోతులు తవ్వినా, కింది పొరలలోని విషం భూగర్భజలంలోనికో, నదిలోనికో చేరుటకు దారి ఏర్పడవచ్చు. కనుక ఎక్కడ తవ్వాలి, తవ్విన మట్టిని, పైకి వచ్చిన నీటిని ఏమి చేయాలి అన్నవి ముందుగానే నిర్ణయించవలసిన విషయాలైనవి. స్తంభాలు తక్కువగా ఉండుట వలన ఇక్కడ కూడా మేలు కలిగినది. తవ్వే చోట్లు తగ్గిన కొలది కదిలే విషం కూడా తగ్గుతుంది.

ఉప్పు పర్రలు, పక్షులు

వంతెన దాటే చోట ఉత్తరాన విడ్నెస్ వార్త్, దక్షిణాన ఆస్ట్‌మూర్ అనే ఉప్పు పర్రలు ఉన్నాయి. పెద్ద పోటుకు మునిగి, మిగిలిన దినాలలో పచ్చికతో ఉండే నేలలు ఇవి. మట్టికట్ట వేసి దానిపై రోడ్డు వేయుట చౌకైన పద్ధతే గాని, కట్ట కింద పర్ర శాశ్వతంగా నశిస్తుంది. అంతేకాక పోటు నీరు పర్ర మీద పరచుకొనుటకు అడ్డు ఏర్పడుతుంది. అందువలన ఈ పర్రలపై కూడా రోడ్డును స్తంభాల మీదనే నడిపారు. దీనివలన వంతెన నీడ పడే చోట మొక్కలు బలహీనపడవచ్చు గాని, నేల, నీటి రాకపోకలు మిగులుతాయి.

మెర్సీ నదీముఖానికి చలికాలంలో షెల్‌డక్, టీల్, సూదితోక బాతులు, రెడ్‌షాంక్, డన్‌లిన్ మొదలైన పక్షులు వస్తాయి. శీతలమైన దినాలలో బురద నేలను వెదకి తినుటకు వీటికి ఆటు సమయం మాత్రమే దొరుకుతుంది. ఆ కొద్ది గంటలలో యంత్రాల చప్పుడుకు పదే పదే లేచి ఎగరవలసి వస్తే, తిన్న తిండి కంటే ఖర్చయిన శక్తి ఎక్కువ కావచ్చు. పక్షి చనిపోయినట్లు ఎవరూ చూడకపోయినా నష్టం జరిగే విధానం ఇది.

నిర్మాణ పద్ధతి

పూర్తయిన వంతెన కంటే కట్టే కాలంలోనే నదికి ఎక్కువ అలజడి కలుగుతుంది. మెర్సీలో మూడు టవర్ల పునాదుల కొరకు ఉక్కు రేకులతో కాఫర్ డ్యాంలు, అనగా నీటిలో పెద్ద బావుల వంటి అడ్డుగోడలు నిర్మించి, లోపలి నీటిని తోడివేసి పొడిగా ఉన్న చోట పని చేశారు. దీనివలన తవ్విన మట్టి, సిమెంటు నేరుగా నదిలో కలియకుండా ఉంటాయి. మనుషులు, యంత్రాలు చేరుటకు మట్టికట్ట వేయక, నీరు కింద నుండి పోగలిగేటట్లు తాత్కాలికంగా ఇనుప వంతెన కట్టి, పని పూర్తయిన తరువాత తొలగించారు.

టవర్ల మీద నుండి రోడ్డును ఇరువైపులకు కొంచెం కొంచెంగా పొడిగిస్తూ కట్టుట వలన నదిలో మద్దతు కర్రలు పాతవలసిన అవసరం రాలేదు. ఒడ్డు వైపు భాగాలకు 157 మీటర్ల పొడవు, 1,700 టన్నుల బరువు గల కదిలే యంత్రాన్ని వాడారు. అది ఒక స్తంభం నుండి మరొక స్తంభానికి జరుగుతూ కాంక్రీటు పోయుటకు ఆధారమైనది.

పైల్స్ దింపునపుడు నీటిలో పుట్టే చప్పుడు మరొక సమస్య. నీటిలో చప్పుడు గాలిలో కంటే వేగంగా, దూరంగా పోతుంది. పెద్ద పైల్‌ను సుత్తితో కొట్టునపుడు పుట్టే ఒత్తిడి తరంగం చేపల ఈత తిత్తిని చిట్లించగలదు. దీనికి అమెరికాలో హడ్సన్ నదిపై 2017, 2018లలో రెండు భాగాలుగా ప్రారంభమైన మారియో కువోమో వంతెన నిర్మాణాన్ని చెప్పుకోవచ్చు. ఆటుపోట్లు ఉండే ఆ నదిలో అంతరించే ప్రమాదంలో ఉన్న స్టర్జన్ చేపలు నివసిస్తాయి. అక్కడ పైల్ చుట్టూ అడుగు నుండి గాలి బుడగలను తెర వలె పంపి, చప్పుడు తీవ్రతను తగ్గించారు.

విచారణ, అనుమతులు

మెర్సీ వంతెనకు సంబంధించి 2009లో బహిరంగ విచారణ జరిగినది. ప్రభుత్వ అనుమతి 2010 డిసెంబరులో లభించినది. ఐరోపా ఆవాసాల ఆదేశం (1992) ప్రకారం రక్షిత ప్రాంతానికి హాని కలగదని నిర్ధారించుకొన్న తరువాతనే మామూలుగా అనుమతి ఇవ్వాలి. హాని కలుగుతుందని ఇతరులు నిరూపించనవసరం లేదు, కలగదని కట్టేవారే చూపవలెను. ఈ నియమము వలన పర్యావరణ అధ్యయనం నక్షాలు పూర్తయిన తరువాత చేర్చే అనుబంధంగా కాక, నక్షాలతోబాటు సాగవలసి వస్తుంది.

అదే సంవత్సరం మెర్సీ గేట్‌వే పర్యావరణ ట్రస్టు ఏర్పడినది. ఎగువ నదీముఖంలోని పర్రలను సంరక్షించుట, పక్షులను, జీవజాలాన్ని గమనించుట దీని పని. ఒండ్రు కదలికల ఫలితాలు నెమ్మదిగా బయటపడతాయి కనుక వంతెన ప్రారంభంతో ఈ పని ముగియక, 30 సంవత్సరాల కాలానికి ఉద్దేశింపబడినది.

ప్రారంభం తరువాత

కొత్త వంతెన తెరచిన వెంటనే సిల్వర్ జూబిలీ వంతెనను మరమ్మతులకు మూసివేశారు. 2021 ఫిబ్రవరిలో దానిని తక్కువ వాహనాలకు, నడిచేవారికి, సైకిళ్ళకు అనుకూలంగా మార్చి తిరిగి తెరిచారు. రెండు వంతెనలపైనా వాహనాలకు సుంకం వసూలు చేస్తున్నారు. 1961 నుండి సుంకం లేకుండా నది దాటిన చుట్టుపక్కల ప్రాంతాలవారిలో దీనిపై అసంతృప్తి ఉన్నది. పేరు నమోదు చేసుకొన్న స్థానిక హాల్టన్ వాసులకు మినహాయింపు ఉన్నది. తక్కువ స్తంభాలతో నదిని కాపాడే వంతెన ఖరీదైనది, ఆ ఖరీదును ఎవరు భరించాలన్నది మదింపులో విడదీయరాని భాగం.

భారతదేశంలో

భారతదేశంలో ఇటువంటి సమస్య ముంబయి వద్ద ఎదురైనది. 2024 జనవరి 12న ప్రారంభమైన అటల్ సేతు పొడవు 21.8 కిలోమీటర్లు, దానిలో సుమారు 16.5 కిలోమీటర్లు సముద్రంపై ఉన్నది. ముంబయి వైపున అది వేల సంఖ్యలో రాజహంసలు (ఫ్లెమింగోలు) వచ్చే సేవ్రీ బురద నేలల మీదుగా పోతుంది. అక్కడ వాహనాల చప్పుడు తగ్గించుటకు వంతెన అంచుల వెంబడి అడ్డుపలకలు అమర్చారు.

మన దేశంలో ఇటువంటి నిర్మాణాలు తీరప్రాంత నియంత్రణ మండలి నిబంధనల పరిధిలోనికి వస్తాయి. ఈ నిబంధనలు మొదట 1991లో, తరువాత 2011, 2019 సంవత్సరాలలో ప్రకటింపబడినవి. ఇవి సముద్రపు ఒడ్డుకే పరిమితం కావు. ఎండాకాలంలో నీటిలో ఉప్పు వేయి పాళ్ళకు 5 పాళ్ళు ఉండే చోటు వరకు నదులకు, ఉప్పుటేరులకు కూడా వర్తిస్తాయి. కనుక గోదావరి, కృష్ణా నదుల మొగలు కూడా వీటి కిందికే వస్తాయి. మడ అడవుల గుండా రోడ్డు వేయక తప్పనిచోట నష్టపోయిన మడ అడవికి కనీసం మూడు రెట్ల విస్తీర్ణంలో వేరొకచోట మడ మొక్కలు నాటాలని 2019 నిబంధనలు చెబుతున్నాయి.

అయితే మడ మొక్కలు నాటినచోటల్లా బ్రతకవు. పోటు నీరు తగినంత ఎత్తుకు, తగినంత సేపు వచ్చి తిరిగి పోయే చోట మాత్రమే అవి నిలుస్తాయి. మూడు రెట్లు నాటుట కంటే, ఉన్న మడకు నీరు వచ్చిపోయే దారిని మూయకుండుట సులభం. ఆ దారి ఉంటుందో ఉండదో నిర్ణయమయ్యేది నక్షాపై స్తంభాలకు చుక్కలు పెట్టే దినాననే.